మూడో సిలిండర్‌లో మిగిలిన మాట

నెలనెలా మొదటి ఆదివారం చర్చి నుంచి నేరుగా లోర్నా తన వదిన మేవిస్ ఇంటికి వచ్చేది, ఛార్జి చేసిన బ్యాటరీ ఒకటి పట్టుకుని. మేవిస్ టీకి నీళ్లు పెట్టేలోపు లోర్నా షెడ్డులోకి వెళ్లి, చనిపోయిన అన్న క్లెమ్ బండి బానెట్ ఎత్తేది. వెనక తొట్టి ఉన్న పాత పెట్రోలు బండి అది. బ్యాటరీ మార్చేది, ఆయిలు మార్చేది, ట్యాంకులో పెట్రోలు తీసి తాజాది పోసేది. తొట్టిలో బిగించిన నీళ్ల ట్యాంకు కూడా నింపేది. గోధుమ కోతల కాలంలో మంటలార్పడానికి ఇంటికో బండి అలా సిద్ధంగా ఉండాలని మా వైపు కట్టుబాటు. అన్నీ చేసేది గానీ, తాళం మాత్రం తిప్పేది కాదు.

"వదినా, దీన్ని అల్లుడిలా మేపుతున్నాను. ఒక్క రోజైనా పని చెయ్యనియ్యవు కదా," అనేది, చేతులకి అంటిన జిడ్డు తుడుచుకుంటూ.

"నీ టీ చల్లారిపోతోంది," అనేది మేవిస్.

సంగతేమిటంటే, ఇంజిన్‌కి ఉన్న పనులు నాలుగే. పీల్చుకోవడం, నొక్కడం, పేల్చడం, వదిలెయ్యడం. సిలిండర్ అనే ఇనుప గొట్టంలో పిస్టన్ కిందికి దిగుతూ పెట్రోలు తడి ఉన్న గాలిని లోపలికి పీలుస్తుంది. గాలి వచ్చే తలుపు, పొగ పోయే తలుపు రెండూ మూసుకున్నాక పైకొస్తూ ఆ గాలిని చారెడంత చోటులోకి అదుముతుంది. అప్పుడో నిప్పురవ్వ పడుతుంది. భగ్గుమన్న మంట పిస్టన్‌ని కిందికి తంతుంది. ఆ తన్నుకే కింద ఇరుసు తిరుగుతుంది, చక్రాలు కదులుతాయి. మళ్లీ పైకొచ్చే పిస్టన్ పొగని బయటికి తోసేస్తుంది. మనం పక్కూరికి పోయి రొట్టె తెచ్చుకునే లోపల ఆ పిడికెడు ఇనుములో వేలకి వేల మంటలు పుట్టి ఆరిపోతాయి. ఇన్నేళ్లుగా చూస్తున్నా నాకు ఆ వింత తీరలేదు.

నాలుగు సిలిండర్ల ఇంజిన్‌ని ఎప్పుడు ఆపినా ఒకదాంట్లో గాలి అదిమిపెట్టినట్టే ఉండిపోతుంది, రెండు తలుపులూ మూసుకుని. ఆగే క్షణంలో బండి దగ్గర ఎవరు ఏం పలికినా ఆ మాట గాలితోపాటు అందులో చిక్కుకుంటుంది. మళ్లీ స్టార్టు చేసినప్పుడు మొదటి పొగతో బయటికొస్తుంది, ఒక్కసారే. అందుకే మా ఊళ్లో చాలాకాలం పడున్న ఇంజిన్‌ని లేపేముందు అందరం టోపీలు తీసి పొగగొట్టం వెనక నిలబడతాం. చాలాసార్లు వచ్చేది ఈగల్ని తిట్టిన తిట్టే.

క్లెమ్ మాట మూడో సిలిండర్‌లో ఉంది. అతను పోయిన రోజు పొద్దున మేవిస్ బండిని గేటు స్తంభానికి రాసేసింది. క్లెమ్ ఊరంతా వినేలా నవ్వి, "ఇక నువ్వు దీని స్టీరింగ్ ముట్టుకోకు," అన్నాడు. మాటా మాటా పెరిగింది. మధ్యాహ్నం అతను పొలం నుంచి వచ్చి పెరట్లో బండి ఆపుతుంటే మేవిస్ వంటింటి కిటికీలోంచి చూసింది. తనవైపే చూస్తూ ఏదో అంటున్నాడు. ఇంకా తిడుతున్నాడనుకుని వెనక్కి తిరిగి తాపీగా టీ తాగింది. కోపం చల్లారి బయటికి వెళ్లేసరికి స్టీరింగ్ మీద తల వాల్చి ఉన్నాడు. అప్పటికే ప్రాణం లేదు.

"తిట్టే అనుకుందాం వదినా," అంది లోర్నా ఒకసారి. "మా అన్న బతికుండగా నిన్ను తిట్టలేదా ఏంటి?"

"బతికుండగా అయితే తిరిగి తిట్టేదాన్ని," అంది మేవిస్. ఆ మాట తిట్టయితే భరించలేదు. తియ్యటి మాటయితే అసలే భరించలేదు. అందుకే తాళం తిప్పనివ్వలేదు.

ఈ డిసెంబర్‌లో, మా వైపు అది మండు వేసవి, ఉత్తరం వైపు పొలాల్లో కోత యంత్రం నుంచి నిప్పు లేచింది. ఊరి బండ్లన్నీ అటే పరిగెత్తాయి. మేవిస్ వంటింట్లో, బండ్లలో వాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకునే రేడియో దగ్గర కూర్చుని వింటోంది. ఉన్నట్టుండి గాలి మళ్లింది. ఆ వెంటనే లోర్నా గొంతు వినిపించింది.

"నా బండి ఆగిపోయింది. ఈ వేడికి పెట్రోలు పైపులోనే ఆవిరైపోయినట్టుంది. మేవిస్ వదిన ఇంటి వెనక పొలంలో ఉన్నాను, కొయ్యని గోధుమలో. మంట ఇటే వస్తోంది."

"మేం వాగు అవతలున్నాం లోర్నా!" అని ఎవరో అరిచారు. "చుట్టూ తిరిగి రావాలి!"

మేవిస్ షెడ్డులోకి పరిగెత్తింది. సీట్లో కూర్చుని తాళం పట్టుకుంది. అప్పుడు తట్టింది ఆమెకి. పొగగొట్టం బండి వెనకుంది, తను ముందుంది. వెనక నిలబడి వినడానికి మనిషన్నవాడు లేడు. ఇన్నేళ్లు దాచుకున్న మాట గాలిలో కలిసిపోతుంది.

"క్షమించు క్లెమ్," అని తిప్పేసింది.

మూడో పిస్టన్ మిగిలిన కాస్త దూరం పైకి లేచింది. రవ్వ పడింది. ఏళ్ల తరబడి చీకట్లో అదిమిపెట్టి ఉన్న ఆ ఊపిరి ఒక్కసారిగా వెలిగి, పిస్టన్‌ని తన్ని, ఇరుసుని తిప్పి, రెండో తలుపు తెరుచుకోగానే పొగగొట్టంలోకి దూకింది. కదలకుండా ఉండి ఉండి ఆ గొట్టం తుప్పు పట్టింది. సరిగ్గా మేవిస్ పాదాల కింద దానికి చిల్లు పడి ఉంది. ఆ చిల్లులోంచి క్లెమ్ గొంతు వచ్చింది, పక్క సీట్లో ఉన్నంత దగ్గరగా.

"మేవిస్, రా. నువ్వు నడుపు. నా చేతులు ఆడట్లేదు."

అంతే. తర్వాతంతా ఇంజిన్ చప్పుడే. ఆ రోజు కిటికీ వైపు చూస్తూ అతను తిట్టలేదని మేవిస్‌కి తెలిసింది. పిలిచాడు, తను వీపు తిప్పింది. ఏడుపు తన్నుకొచ్చింది. ఏడుస్తూనే గేరు వేసింది.

కాలిపోయిన నేల మీదే ఉండమని మాకు చిన్నప్పుడే నేర్పుతారు, అక్కడ మంట తినడానికి ఇంకేమీ మిగలదు గనక. మంట అప్పటికే ఇంటి పక్కగా పోయి పొలం అంచు కాల్చేసింది, ఆమె ఆ నల్లనేల మీదుగానే తోలింది. లోర్నాని చేరాలంటే మాత్రం మంట దాటాలి. ఎక్కడ పొట్టిగా ఉందో చూసుకుని, అద్దాలు ఎత్తి, కాలు ఎత్తకుండా తొక్కింది. బానెట్ మీద రంగు బుడగలుగా లేచింది. లోపల వేల చిన్న మంటలు, బయట ఒక పెద్ద మంట. చిన్నవే ఆమెని దాటించాయి. తర్వాత మేమంతా వెళ్లి ఆ టైర్ల గుర్తులు చూసి టోపీలు తీసి నిలబడ్డాం.

లోర్నా మసి మొహంతో పరిగెత్తుకొచ్చి, అలవాటుకొద్దీ డ్రైవరు వైపు తలుపు లాగింది.

"జరుగు వదినా, నేను తోలతాను. నీ చేతులు వణుకుతున్నాయి!"

"అటు తిరిగి ఎక్కు," అంది మేవిస్, స్టీరింగ్ వదలకుండా. "మీ అన్న నన్ను నడపమన్నాడు."