కరీం సాబ్ పత్యం

ఆ రోజుల్లో ఆదోని చుట్టుపక్కల పెళ్ళి కుదిరితే ముహూర్తం తర్వాత అడిగేది కరీం సాబ్‌నే. పుట్టుకకు దూదేకులాయన. తండ్రి ఇంటింటికీ తిరిగి దూది ఏకి పరుపులు కుట్టేవాడు. కరీం సాబ్‌కు ఆ పని పట్టుబడలేదు. పొయ్యి దగ్గర నిలబడితే మాత్రం చేతికి లెక్క తెలిసేది. ఐదు వందల మందికి పలావు వండినా ఉప్పు రుచి చూసేవాడు కాదు, ఆవిరి వాసన చూసి చెప్పేవాడు.

1955లో దీపావళి దాటినాక ఎమ్మిగనూరులో ఒక పెళ్ళికి వంట చేస్తున్నాడు. పొయ్యిలోంచి దొర్లిన నిప్పుకణిక మీద కాలు పెట్టాడు. పెట్టినట్టు అతనికి తెలియలేదు.

"సాబూ, ఏందో కమురు వాసనొస్తాండాది," అన్నాడు పక్కన ఉల్లిగడ్డలు తరుగుతున్న మాదన్న. కిందికి చూసి అరిచాడు. "నీ కాలప్పా! నీ కాలే!"

కరీం సాబ్ కాలెత్తి చూసుకున్నాడు. అరికాలు చర్మం ఊడి వచ్చింది. నొప్పి లేదు. అందరూ ముక్కున వేలేసుకుంటే తాను నవ్వాడు. పదిహేను రోజులైనా ఆ పుండు ఆరకపోయేసరికి నవ్వు పోయింది.

మార్కెట్టు వెనక వీధిలో ఉండే డాక్టరు అతని మూత్రాన్ని నీలం మందులో కలిపి దీపం మీద కాచాడు. గాజు గొట్టంలో నీలం పోయి ఇటుక రంగు తిరిగింది.

"సాయిబూ, నీకు చక్కెర జబ్బు. ఎన్నేళ్ళ నుంచి ఉందో ఏమో. ఈ గొట్టంలో రంగు నీలంగా నిలబడేదాకా పుండు మానదు. మానకపోతే పాదం తీసేయాలి," అన్నాడు డాక్టరు. పొద్దున పొద్దునే వచ్చి ఇన్సులిన్ సూది వేయించుకోమన్నాడు. అన్నం, మాంసం, నెయ్యి, బెల్లం మానమన్నాడు. పూటకు ఒకటిన్నర జొన్నరొట్టె, ఆకుకూర, పప్పుకట్టు, నీళ్ళ మజ్జిగ. అంతే.

బయట బెంచీ మీద కూర్చున్న భార్య దౌలత్‌బీకి ఈ మాటలన్నీ కరీం సాబే వచ్చి చెప్పాడు. ఆమె చెవిలో పడింది ఒకటే. పాదం తీసేస్తారు. ఒంటికాలి మనిషి ఏ వంట డేగిసా దగ్గర నిలబడగలడు?

దౌలత్‌బీకి ఆకుకూరలూ కూరగాయలూ వండడం రాదు. ముప్పై ఏళ్ళ కాపురంలో ఇంట్లో మంచి వంటంతా మొగుడిదే. ఆమె వండింది చారూ, రొట్టే. అందుకని పక్కింటి లింగమ్మ దగ్గరికి పోయింది. లింగమ్మ లింగాయతుల మనిషి. మొగుడు పత్తిమిల్లులో పని. వాళ్ళింట్లో కోడిగుడ్డు కూడా గడప తొక్కదు.

"లింగక్కా, నీ మాదిరి వంట నాకు నేర్పు. నూనె లేకుండా, కడుపు నిండేట్టు," అంది దౌలత్‌బీ.

"చలికాలం కదా, మేలే అయింది. ఒంటికి వేడి చేసేటివన్నీ ఇప్పుడే దొరుకుతాయి," అంది లింగమ్మ.

లింగమ్మ ఈ ఇంట్లో ఎన్నడూ మంచినీళ్ళు కూడా ముట్టలేదు. అయినా రోజూ వచ్చి గడప బయట పీట వేసుకుని కూర్చునేది. అక్కడి నుంచే చెప్పేది. ఉలవలు రాత్రే నానబెట్టి, పొద్దున మెత్తగా ఉడకబెట్టి, కట్టు వంచి, దాంట్లో మిరియాలు, శొంఠి, నాలుగు తెల్లగడ్డ రెబ్బలు నలిపి వెయ్యమనేది. పుండికూరను నూనె లేకుండా పచ్చిమిరపకాయలతో ఉడికించి పప్పుగుత్తితో ఎనపమనేది. సొరకాయను సొరకాయ నీళ్ళలోనే మగ్గించమనేది. మెంతికూర, చుక్కకూర, తోటకూర రోజు మార్చి రోజు. "వేడివేడిగా పెట్టు, దౌలతమ్మా. చల్లారితే ఈ తిండి ఎవురూ తినలేరు."

కరీం సాబ్ మొదటి రోజు ఉలవకట్టు గిన్నె ఎత్తి వాసన చూసి, దించి పెట్టాడు.

"ఇది ఎద్దులకు పెట్టేది కదే."

"నీ కాలు ఎద్దు కాలు మాదిరి గట్టిపడాలని. తాగు."

తాగాడు. వారం రోజులు బుద్ధిగా తిన్నాడు. రెండో శుక్రవారం సూది వేయించుకుని వచ్చి, "డాక్టరు సెప్పినాడే, శుక్రవారం ఒక్కనాడు కొంచెం పరమాన్నం తినొచ్చంట," అన్నాడు. దౌలత్‌బీ సంతోషపడి చేసి పెట్టింది. మర్నాడు గొట్టం మళ్ళీ ఇటుక రంగు తిరిగింది. డాక్టరు ఆమెను లోపలికి పిలిపించి చెడామడా తిట్టాడు. మొగుడు నేల చూస్తూ నిలబడ్డాడు. ఇంకో నాలుగు రోజులకు, అటక మీద బోర్లించిన డేగిసా కింద అరచేయంత బెల్లం గడ్డ దొరికింది. ఒక వైపు పళ్ళ గాట్లు.

ఆ రోజు దౌలత్‌బీ తిట్టలేదు. వాకిట్లో కూలబడి ఏడ్చింది. "నీ కాలు పోతే నన్ను అడుక్కు తినమంటావా? నీ నోరే నీకు ఎక్కువైందా?" అంది. ఇంట్లో ఉన్న బెల్లం, చక్కెర, ఖర్జూరాలు అన్నీ మూట కట్టి లింగమ్మ ఇంట్లో పెట్టి వచ్చింది. ఆ పూట నుంచి తానూ అతని తిండే తినడం మొదలుపెట్టింది.

అది చూశాక కరీం సాబ్ మారాడు. నిజంగానే మారాడు. పెట్టింది తినేవాడు. అడిగేవాడు కాదు. ఎప్పుడైనా కూర బాగుంటే, "సొరకాయలో జిలకర కొంచెం ముందు వేసింటే ఇంకా బాగుంటాది," అని సలహా చెప్పేవాడు. ఆమె మరుసటి రోజు అట్లాగే చేసేది. చలి బాగా ముదిరింది. కోటకొండ మీద నుంచి దిగే గాలికి పొద్దున తొమ్మిదైనా వీధిలో జనం దుప్పట్లు విప్పేవారు కాదు. పొయ్యి దగ్గర ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని పొగలు కక్కే కట్టులో రొట్టె ముంచుకుని తింటుంటే, పెళ్ళైన కొత్తలో కూడా ఇన్ని పూటలు కలిసి తినలేదని దౌలత్‌బీకి అనిపించేది. అతను ఎప్పుడూ ఎవరి పెళ్ళిలోనో ఉండేవాడు.

గొట్టం ఇటుక రంగు నుంచి పసుపుకు, పసుపు నుంచి ఆకుపచ్చకు వచ్చింది. అక్కడ ఆగిపోయింది. పది రోజులైనా నీలం కాలేదు. పుండు అంచుల్లో నలుపు కనపడింది.

"ఇంకా ఏమి మాన్పించాల, లింగక్కా?" అని అడిగింది దౌలత్‌బీ.

"ఏమి మాన్పిస్తావు, అన్నీ మానె కదా. ఇంగ మిగిలింది రొట్టే. రొంత తగ్గించి సూడు. మేము సోమారం సోమారం ఒంటిపూటే కదా తింటాము, ఏమైంది మాకు?"

దౌలత్‌బీ ఒకటిన్నర రొట్టెను ఒకటి చేసింది. తర్వాత సగం చేసింది. కడుపు ఖాళీగా ఉందనకుండా ఆకుకూర ఎక్కువ పెట్టింది. నాలుగో రోజు గొట్టం నీలంగా నిలబడింది. కాంపౌండరు బయటికి తెచ్చి ఆమెకే చూపించాడు. "భేష్. ఇదే తిండి పెట్టు, ఇదే సూది," అన్నాడు డాక్టరు. ఏ తిండి అని అతను అడగలేదు. తగ్గించానని చెప్పాలని ఆమెకూ తోచలేదు. జట్కాలో ఇంటికి వస్తూ ఆమె దారి పొడుగునా నవ్వుతూనే ఉంది.

మరో ఐదు రోజులకు, పుష్య మాసంలో, ఒక బుధవారం. సూది వేయించుకుని వచ్చి కరీం సాబ్ సగం రొట్టె, తోటకూర తిన్నాడు. పదిన్నర ప్రాంతంలో దౌలత్‌బీ పొయ్యి మీద ఉలవలు ఉడికిస్తోంది.

"దౌలతూ, నాకు ఏందో మాదిరుండాది. ఒళ్ళు వణుకుతాండాది."

"చలి. దుప్పటి కప్పుకో."

"చలి కాదే. సూడు, సెమట పడతాండాది. రెండు ముక్కలు బెల్లం పెట్టు. సూది వేసినాక ఇట్లయితే బెల్లం తినమని డాక్టరు సెప్పినాడు."

ఆమె గరిటె దించకుండానే అంది. "పరమాన్నం తినమని సెప్పింది కూడా ఆ డాక్టరే కదా."

"అది అబద్ధం. ఇది నిజమే. నీ మీద ఒట్టు."

"అప్పుడూ నిజమనే అంటివి. నీలం వచ్చి వారం దినాలు కాల్యా, మళ్ళీ మొదలుపెట్టినావా? ఇంగ పదైదు దినాలు ఓర్సుకో. కాలు మానినాక నా చేత్తో నేనే పెడ్తా."

కరీం సాబ్ గోడ పట్టుకుని లేచాడు. లింగమ్మ ఇంటి వైపు రెండడుగులు వేశాడు. మూట ఎక్కడుందో అతనికీ తెలుసు. దౌలత్‌బీ ఎదురుపోయి రెండు భుజాలూ పట్టుకుని వెనక్కి తెచ్చి చాప మీద కూర్చోబెట్టింది. ఎంత సులువుగా వచ్చాడో ఆమెకు తర్వాత చాలాసార్లు గుర్తొచ్చింది. అతను ఆమెను తిట్టాడు. ముప్పై ఏళ్ళలో ఎప్పుడూ అనని మాటలు, ముద్దముద్దగా, తాగినవాడిలా. ఆమె తలుపు గొళ్ళెం పెట్టి మళ్ళీ పొయ్యి దగ్గర కూర్చుంది. కాసేపటికి తిట్లు ఆగిపోయాయి. తొంగి చూస్తే పక్కకు తిరిగి పడుకుని ఉన్నాడు. నిద్ర పట్టింది, అంతే చాలు అనుకుంది.

కట్టు కాచి, రొట్టె కాల్చి, లేపడానికి పోయేసరికి చాప తడిసి ఉంది. దవడలు బిగుసుకుపోయి ఉన్నాయి. కళ్ళు తెరిచే ఉన్నాయి గానీ ఎటూ చూడడం లేదు.

ఆమె కేకకు లింగమ్మ వచ్చింది. ఎన్నడూ దాటని గడప దాటి లోపలికి వచ్చి అతని తల ఒళ్ళో పెట్టుకుంది. ఎవరో పరుగెత్తి డాక్టరును తీసుకొచ్చారు. డాక్టరు నరానికి గ్లూకోజు ఎక్కించాడు. చాలాసేపు చేయి పట్టుకుని కూర్చున్నాడు. చివరికి దవడ వదులైంది. కళ్ళు కదిలాయి. మనిషి మాత్రం తెలివిలోకి రాలేదు.

"పొద్దున ఏమి తిన్నాడు?"

"రొట్టె."

"ఎంత?"

"సగం."

డాక్టరు ఆమె ముఖంలోకి చూశాడు. "నేను ఒకటిన్నర చెప్పాను కదమ్మా. ఆ తిండికి లెక్కగట్టిన సూది అది. తిండి తగ్గితే ఒంట్లో చక్కెర మరీ పడిపోతుంది. వణుకు, చెమట పడితే వెంటనే బెల్లం తినమని అతనికి రెండుసార్లు చెప్పాను. నీకు చెప్పలేదా?"

గడప దగ్గర వీధి వాళ్ళు పదిమంది నిలబడి ఉన్నారు. లింగమ్మ కూడా తలెత్తి చూసింది.

"సెప్పల్యా," అంది దౌలత్‌బీ.

డాక్టరు నిట్టూర్చాడు. "చెప్పి ఉండాల్సింది," అన్నాడు.

ఆ తర్వాత కరీం సాబ్ యాభై రోజులు బతికాడు. నోట్లో పెడితే మింగేవాడు. పెట్టకపోతే అడిగేవాడు కాదు. దౌలత్‌బీ జొన్న అంబలి చేసి, ఆకుకూర ఉడికించి వడగట్టి, చెంచాతో పోసేది. ఉప్పు మరిచిపోయిన రోజు కూడా అట్లాగే మింగాడు. కారం ఎక్కువైన రోజూ అంతే. తనను పేరు పెట్టి పిలుస్తాడేమోనని ఆమె చెవి ఒగ్గి కూర్చునేది. గొంతులోంచి ఒక శబ్దం వచ్చేది, అది ఎవరినీ పిలవడం కాదు. పుండు నల్లబడి మడమ దాకా పాకింది. ఇప్పుడు కోసినా ప్రయోజనం లేదన్నాడు డాక్టరు. చలి తగ్గి, గాలిలో ఎండ వాసన మొదలైన రోజుల్లో, ఒక మధ్యాహ్నం అంబలి గుటక నోట్లోనే ఉండగా పోయాడు.

నలభయ్యో రోజు అయ్యాక దౌలత్‌బీ ఒకనాడు లింగమ్మ వాకిట్లోకి పోయి కూర్చుంది.

"లింగక్కా, ఆయప్ప సెప్పినాడు. ఆ పొద్దు బెల్లం అడిగినాడు. డాక్టరు తినమన్నాడని కూడా సెప్పినాడు. నేనే పెట్టల్యా. ఈడికి రాబోతే నేనే పట్టుకొని ఎనక్కి తీసకపోతి."

లింగమ్మ చేతిలోని చేట కింద పెట్టింది. ముఖం పాలిపోయింది.

"రొట్టె తగ్గించమన్యది నేను," అంది. "దాంతోనే నాకు నిద్ర పడతా లేదు. ఇది కూడా నాకెందుకు సెప్పినావు, దౌలతమ్మా? దీన్ని నేను యాడ పెట్టుకోవాల?"

లేచి లోపలికి పోయింది. మర్నాడు వీధి కుళాయి దగ్గర ఎదురుపడితే లింగమ్మ తల తిప్పుకోలేదు గానీ, పలకరించనూ లేదు. గడప బయట పీట మళ్ళీ ఎవరూ వేసుకోలేదు.

ఎండలు ముదిరాక కూతురు అజీమున్నీసా వచ్చి తల్లిని ఎమ్మిగనూరుకు తీసుకుపోయింది. మంచి పిల్ల. తల్లిని ఒక్క పని ముట్టనిచ్చేది కాదు. ఇంటికి ఎవరొచ్చినా తండ్రి సంగతి అడుగుతారు. పెళ్ళి వంటలు తిన్నవాళ్ళే కదా అంతా. కూతురు ఓపిగ్గా మొదటి నుంచి చెప్పేది. నిప్పుకణిక, గొట్టంలో రంగులు, పత్యం. అమ్మ ఎంత కష్టపడి వండి పెట్టిందో చెప్పేటప్పుడు తల్లి చేయి పట్టుకునేది.

"ఆ డాక్టరు సెప్పిన మాట మా నాయన మా అమ్మతో ఒక్కసారి అనింటే సాలు. నోట్లోనే పెట్టుకొని పోయినాడు. ఆయన తప్పే."

వచ్చినవాళ్ళు దౌలత్‌బీ వైపు జాలిగా తిరిగేవారు. మొదట్లో ఆమె ఏదో చెప్పబోయినట్టు పెదవులు కదిపేది. కూతురు, "ఊరుకోమ్మా, ఊరుకో," అని వీపు నిమిరేది. రంజాన్ నెల దాటేసరికి పెదవులు కదపడం కూడా మానేసింది. వాళ్ళు చెప్పుకుంటూ ఉంటే కొంగు ఒళ్ళో పెట్టుకుని, మడతలు వేస్తూ విప్పుతూ, తన మొగుడు తప్పు చేశాడన్న మాటను ఊరంతా ఒప్పుకునేదాకా వింటూ కూర్చునేది.