నిలబడి పనిచేసే బల్ల

బండి మీద నుంచి పడి మోకాలు విరిగాక రంగనాథ్ నేల మీద కూర్చోలేకపోయాడు. జమ్మలమడుగులో అతని మోటార్ల రిపేరు షెడ్డు మూతపడింది. గోనెపట్టా మీద కూర్చుని, కాళ్ల మధ్య మోటారు పెట్టుకుని రాగితీగ చుట్టడమే అతను నేర్చిన పని. ఇప్పుడు పొద్దస్తమానం గోడవైపు తిరిగి పడుకుంటున్నాడు.

భార్య శివజ్యోతి చూసి చూసి ఒకరోజు అనేసింది. "కూర్చోలేకుంటే నిలబడి చెయ్యి. బల్ల నేను చేస్తా."

"మోటారు బరువు నీకేం తెలుసు మే? బల్ల కూలితే ఉన్న కాలూ పోతాది."

ఆమె అక్క ఈరక్క గండికోట దగ్గర ఒక హోటల్లో వంట చేస్తుంది. అక్కడ గదుల్లో నేలకు చెక్క పరిచి, మిగిలిన పలకలను పొయ్యిలోకి ఇచ్చారు. "కాల్చొద్దక్కా, వస్తాండా!" అని ఫోన్లో చెప్పి శివజ్యోతి ఆటోలో పోయి వాటిని తెచ్చుకుంది. పాత ఇనుప మంచానికి పొడుగు కాళ్లు వెల్డింగ్ చేయించి, దాని మీద ఒక పలక అంచున పొడుచుకొచ్చిన నాలుకను మరో పలక గాడిలోకి దూరుస్తూ పరిచి బిగించింది.

రిపేరుకిచ్చిన తన మోటారు ఏమైందో చూసుకుందామని వచ్చిన రైతు ప్రేమయ్య, దాన్ని ఎత్తి బల్ల మీద పెట్టాడు. పలకలు కిందికి వంగాయి. నడిమి అతుకు ఫట్‌మని విచ్చుకుంది.

"కడప బండ వేసుకోమ్మా, పీడ పోతాది."

"బండకు తగిలితే మోటారు పగులుతాదన్నా. చెక్కే కావాల."

తెల్లారి స్క్రూలన్నీ విప్పింది. చట్రం నడుమ అడ్డంగా ఇనుప పట్టీలు వేయించింది. పలకలు మళ్లీ పరిచి, జిగురు పూసి, వాటికి అడ్డంగా రెండో వరస పేర్చింది. పైన కడప బండలు బరువు పెట్టి ఆరనిచ్చింది. నున్నటి పైభాగం మీద పానా జారకుండా ఉప్పుకాగితంతో రుద్దింది. అరచేతులు బొబ్బలెక్కాయి. చివరికి తనే బల్లెక్కి గట్టిగా ఎగిరింది. కిర్రుమనలేదు.

ఆమె ఎగిరిన చప్పుడుకు రంగనాథ్ కర్ర పట్టుకుని గడప దాకా వచ్చాడు. బల్ల చుట్టూ తిరిగి, అంచు మీద చెయ్యేసి చూశాడు.

"శానా ఎత్తుండాది."

ఆమె సుద్దముక్క చేతిలో పెట్టింది. "యాడికి కొయ్యాలో గీత గియ్యి."

అతను నడుమానించి కొలుచుకుని, నాలుగు కాళ్ల మీదా గీతలు గీశాడు. ఆమె రంపంతో ఇనుము కోసింది. ఇద్దరూ కలిసి ప్రేమయ్య మోటారు పైకెత్తారు. అతను బల్లకు తుంటి ఆనించి మొదటి బోల్టు విప్పాడు. మోకాలు సలిపితే స్టూలు మీద కూలబడ్డాడు, మళ్లీ లేచాడు. పొద్దుగూకేసరికి పాత తీగ మాత్రమే ఊడదీయగలిగాడు.

"ప్రేమయ్యకు చెప్పు," అన్నాడు చెమట తుడుచుకుంటూ, "కొంచెం ఆలస్యమవుతాది, కానీ చేస్తాండానని."