అరవై కాగితాల్లోనూ ఐదులే

"ఇంట్లో కూర్చుని ఒక్కదానివే టిక్కులు పెట్టుకున్నావా?" అన్నాడంట సారు, క్లాసులో అందరి ముందూ.

మా మనవరాలు చిన్నారి నరసరావుపేటలో ఎం.ఎడ్. చదువుతోంది. ఆ సారు పేరు త్రికోటేశ్వరరావు. పిల్ల పరిశోధనకి గైడు ఆయనే, సంతకం పెట్టాల్సిందీ ఆయనే. ఆ సంతకం పడకపోతే దాని రెండేళ్ళ చదువూ అక్కడే ఆగుద్ది.

"దొంగ డేటా అన్నాడు తాతా," అంది చిన్నారి, సంచీ మంచం మీద విసిరికొట్టి. "మా క్లాసు శ్రీకర్ గాడు హాస్టల్ గదిలో కూర్చుని వంద కాగితాలు వాడే నింపాడు. కొన్నిటికి నీలం పెన్ను, కొన్నిటికి నల్ల పెన్ను. వాడిది చూసి శభాష్ అన్నాడు. నేను మన బజారోళ్ళ దగ్గర తెస్తే నన్ను దొంగన్నాడు. అందరూ నవ్వారు."

నాకు ఒళ్ళు మండింది. అయినా నోరు లేవలా. ఎందుకు లేవలేదో నాకు తెలుసు.

రెంటచింతలలో నేను కోతల మేస్త్రిని. మిరప కోతలకి మనుషుల్ని పోగుచేసి నాగూర్ వలి ఆటోలో చేలకి తోలుకుపోవడం నా పని. మా బజార్లో నా మాట నడుస్తది. చిన్నారి పరిశోధన కూడా ఆ కోతల మీదే. కోతలప్పుడు పిల్లలు బడి ఎందుకు మానేస్తున్నారని. దానికి ఒక కాగితం తయారుచేసింది. అందులో ఇరవై నాలుగు వాక్యాలు, ఒక్కోదాని పక్కన ఐదు గళ్ళు. అస్సలు కాదంటే ఒకటి, పూర్తిగా అవునంటే ఐదు. మధ్యలో ఉంటే మధ్యది.

ఆదివారం పూజ అయ్యాక చర్చి ముందర అందరికీ పంచి, ఎట్టా నింపాలో చెప్పింది. ఎండ మాడ్చేస్తోంది. సగం మంది వినలా. తెల్లారితే పరీక్ష ఉందని మధ్యాన్నం బస్సుకే నరసరావుపేట పోయింది. పోతా పోతా, "చదువు రానోళ్ళకి నువ్వు చదివి వినిపించు తాతా. వాళ్ళేం చెబితే అది పెట్టు," అంది.

నేను చదివి వినిపించలా. బసవమ్మ ఎదురొచ్చి, "మేస్త్రీ, ఈ గళ్ళేందయ్యా? ఏడ పెట్టాలి?" అంది.

"మన పిల్లకేసే మార్కులు అవి. ఐదుకి ఐదు వెయ్యి."

"అన్నిటికీనా?"

"ఒక్కటి తగ్గినా పిల్ల తప్పుద్ది. నీ చేత్తో తప్పిస్తావా?"

అరవై ఇళ్ళకీ తిరిగి అదే చెప్పా. నాగూర్ వలి ఒక్కడే అడ్డం తిరిగాడు. "మావా, నాలుగోదాంట్లో మా పిల్లల్ని రోజూ బడికి పంపుతాం అనుంది. పదకొండోదాంట్లో కోతలప్పుడు మానిపిస్తాం అనుంది. రెండిటికీ ఐదేంది?"

"ఒరేయ్, నిన్ను మార్కులెయ్యమన్నారా, తప్పులు పట్టమన్నారా?" అని గదమాయించా. వాడూ ఐదులే వేశాడు.

చిన్నారి వచ్చేసరికి కట్ట కట్టి పెట్టా. ఇవ్వాల్సిన ఆఖరు రోజని ఆ కట్ట విప్పకుండానే పట్టుకుపోయింది. మమ్మల్ని నమ్మింది గదా, విప్పి చూడటం దేనికి?

"ఆ ఐదులు నేనే వేయించా," అన్నా ఆ రాత్రి, సంచీ విసిరి కూర్చున్న పిల్లతో.

అది నా మొహం వంక చూసింది. "ఏంది తాతా?"

మళ్ళీ చెప్పా.

"నీకెవడు చెప్పాడు అవి మార్కులని? నేను చెప్పానా? అరవై మంది నోళ్ళు నొక్కేసి పెద్ద ఉపకారం చేశాననుకున్నావా?"

దాని తల్లిని కూడా అట్టా మాట్లాడనియ్యలా నేనెప్పుడూ. చెయ్యి లేవబోయింది. ఆపుకున్నా. ఆ పిల్ల అన్నదాంట్లో తప్పేం లేదు, అందుకే ఇంకా మండింది.

పొద్దున్నే మాచర్ల నుంచి వచ్చే బస్సు పట్టుకుని ఇద్దరం పేట పోయాం. బస్సులో అది వేరే సీట్లో కూర్చుంది.

సారు ఫ్యాన్ కింద కూర్చుని ఉన్నాడు. మా కాగితాలు బల్ల మీదే ఉన్నై.

"ఆ ఐదులు వేయించింది నేనయ్యా. పిల్లకి తెలవదు," అన్నా.

"మీరెవరు?"

"దాని తాతని. ఏసయ్యని. మార్కులనుకున్నా."

సారు నవ్వాడు. బాగానే నవ్వాడు. "అమ్మాయ్, మరి నిన్ననే చెప్పొచ్చుగా ఇది?"

"నాకు రాత్రే తెలిసింది సార్."

"సరేలే. ఇప్పుడు పెద్ద పని ఏముంది? అన్నీ ఐదులైతే కంప్యూటర్‌కి లెక్క తేలదు. కొన్ని మూళ్ళు చెయ్యి, కొన్ని రెళ్ళు చెయ్యి, అక్కడక్కడా ఒకటి. కొత్త కాగితాల మీద వేసుకుని సోమవారం తీసుకురా. సంతకం పెట్టేస్తా."

చిన్నారి బల్ల మీది కాగితాల వంక చూసింది.

"మరి నిన్న దీన్ని దొంగెందుకన్నారు?" అన్నా.

"నిన్న కనపడేట్టు ఉంది పెద్దాయనా. కనపడకుండా చెయ్యమంటున్నా."

బల్ల మీద చెయ్యేసి గట్టిగానే అన్నా. "మేం తెలివితక్కువోళ్ళం, తప్పు చేశాం. అయినా అవి మా బజారోళ్ళు చేత్తో వేసినై. నువ్వు చదువుకున్నోడివి. నువ్వు పిల్లకి నేర్పేది ఇదా?"

"తాతా, గమ్మునుండు," అంది చిన్నారి. కాగితాలన్నీ తన వైపు లాక్కుంది. "సార్, లెక్కల పద్ధతి వదిలేస్తా. మీరే క్లాసులో చెప్పారుగా రెండో పద్ధతి ఉందని, మనుషులతో కూర్చుని మాట్లాడి రాసుకునేది. పన్నెండు మందిని ఇంటర్వ్యూ చేస్తా."

"పుస్తకం ఇవ్వడానికి మిగిలింది మూడు వారాలు, అందులోనా? చేసినా నీకు నిజం ఎవరు చెబుతారు?" సారు నా వంక చూపించాడు. "ఈయన చెప్పనిస్తాడా? పన్నెండు మందీ ఒకటే పాట పాడారంటే నేను సంతకం పెట్టను. చూసుకో."

ఆ మనిషి మీద నాకు అసహ్యం పుట్టింది. కానీ ఆ ఒక్క మాటా నిజమే అన్నాడు.

ఇంటికొచ్చాక నేను కండువా భుజానేసుకుని, "పద, ముందు బసవమ్మ ఇంటికి పోదాం," అన్నా.

"నువ్వు రావద్దు."

"నేను లేకపోతే ఎవరు మాట్లాడతారే నీతో?"

"నువ్వుంటేనే మాట్లాడరు. కూర్చో. మొదటి ఇంటర్వ్యూ నీదే." ఫోను నొక్కి మా ఇద్దరి మధ్యా పెట్టింది. "పోయిన కోతలకి మన ఆటోలో ఎంతమంది పిల్లలు పోయారు?"

"అది నీ కాగితంలో లేదుగా."

"లేదు. అన్నీ తల్లిదండ్రుల్ని అడిగినవే రాసుకున్నా. మేస్త్రిని అడగాలని నాకే తట్టలా. ఎంతమంది?"

ఫోన్లో సెకన్లు పోతా ఉన్నై. అది మళ్ళీ అడగలా. ఇదేం పద్ధతో, ఈ ఇంటర్వ్యూలు చేసేవాళ్ళు ఊరుకుని ఎదుటోడి చేత చెప్పిస్తారు.

"పద్నాలుగు," అన్నా.

"వాళ్ళని బడి మానిపించింది వాళ్ళమ్మలా?"

"రైతు పాతికమంది కావాలంటాడు. ఇరవైమంది దొరుకుతారు. తక్కువైతే చేను ఇంకో మేస్త్రికి పోద్ది. అప్పుడు వాళ్ళ గుమ్మాల్లో నిలబడి, పిల్లని కూడా తీసుకురా, సగం కూలి ఇప్పిస్తా అంటా. బసవమ్మ వద్దంది. అయితే నువ్వు కూడా రావద్దన్నా. వచ్చింది. పిల్లనీ తెచ్చింది."

చిన్నారి ఫోను నా దగ్గరికి జరిపింది. "ఏ క్లాసు ఆ పిల్ల?"

"ఆరు. మళ్ళీ పోలా బడికి."

"నేను ఇన్నాళ్ళూ ఆ తల్లుల తప్పేమోనని రాసుకుంటున్నా తాతా."

"రాసుకో ఇప్పుడు. నా పేరు రాయి."

"పేర్లు రాయకూడదు. పద్ధతి అది."

"పేరు లేకపోతే మళ్ళీ తల్లుల మీదకే పోద్ది గదే! రాయి, ఏసయ్య అని రాయి!"

"అరవకు. మేస్త్రి అని రాస్తా. చాలు." ఫోను తీసుకుని, నా వంక చూడకుండా గుమ్మం దిగిపోయింది.

బసవమ్మ ఇల్లు మాకు నాలుగో ఇల్లు. కాసేపటికి ఆమె గొంతు మా అరుగు దాకా వినపడింది. "ఆ మేస్త్రి సంగతి నన్నడగబాకమ్మా, నా నోరు మంచిది కాదు... అడిగావు గాబట్టి చెప్తున్నా..." అని మొదలెట్టి, నన్ను, ఆ ఆటోని, నా మేస్త్రీతనాన్ని బజారంతా వినేట్టు తిట్టిపోసింది.

కోపం వచ్చింది. ఎవరు నేర్పారు దీనికింత నోరు అనిపించింది. ఒక్క కేక వేస్తే ఆపుద్ది.

వెయ్యలా. కూర్చున్నా.