తాండ్రకు కొసరు

భూమి చుట్టూ తిరిగే అంతరిక్ష కేంద్రానికి సరుకులు చేరవేసే ఒక ప్రైవేటు సంస్థ, తిండి పొట్లాల కాంట్రాక్టును ఏలూరులోని మా కంపెనీకి ఇచ్చింది. అందులో మామిడి తాండ్ర కామవరపుకోటలో మాణిక్యం గారు చేసి ఇవ్వాలి. పొట్లం సరిగ్గా యాభై గ్రాములుండాలని ఆవిడకు మూడుసార్లు చెప్పాను. కాగితం మీద రాసి కూడా ఇచ్చాను.

నలభై పొట్లాలు వచ్చాయి. కాటా మీద పెడితే ఒక్కొక్కటీ యాభై ఆరు గ్రాములుంది. నాకు ఒళ్ళు మండింది. అన్నీ కారులో వేసుకుని ఆవిడ ఇంటికే వెళ్ళాను.

“యాభై అని చెప్పాను కదండీ!”

“యాభయ్యే తూచానండీ,” అన్నారావిడ నిదానంగా. “పైన వేసింది కొసరు.”

“ఒక్క గ్రాము ఎక్కువైనా వాళ్ళు తీసుకోరండీ. రాకెట్లో ప్రతి గ్రాముకీ లెక్కుంటుంది.”

“కొసరు వెయ్యకుండా ఇన్నేళ్ళలో ఎవరికీ ఇవ్వలేదండీ. అంత దూరం పోయినవాళ్ళకా ఇప్పుడు ఎగ్గొట్టేది?”

నేను పొట్లాలన్నీ ఆవిడ ముందు దించి, కొసరు తీసెయ్యమన్నాను. ఆవిడ విసుక్కుంటూనే కూర్చుని, నలభై పొట్లాలూ విప్పి, నలభై కొసరు ముక్కలూ తీసి ఒక డబ్బాలో వేశారు. పొట్లాలు మళ్ళీ తూచి సీలు వేశారు. ఈసారి అన్నీ యాభయ్యే. తూకం కాగితం మీద సంతకం పెట్టించుకుని లేచాను.

పోతూ పోతూ డబ్బాలో ఒక ముక్క కోసం చెయ్యి పెట్టబోయాను. ఆవిడ ఠక్కున మూత పెట్టేశారు.

“అవి మీవి కావండీ. వాళ్ళు కిందికి దిగాక ఓసారి ఇటు రమ్మనండి.”