పద్నాలుగు కుక్కల యజమాని

తుపాకీ రెండోసారి పేలేసరికి బురుల్‌కాన్ ఎముకల బకెట్‌తో వీధి మలుపు తిరిగింది. బడి వంటశాలలో పొద్దున్నుంచి నిలబడి కాళ్లు లాగేస్తున్నాయి. అయినా పరుగెత్తింది. కరకోల్ ఊరి చలిలో పరుగెత్తేవాళ్లు దొంగలైనా కావాలి, కుక్కలున్నవాళ్లైనా కావాలి.

మంచు మీద రెండు కుక్కలు పడి ఉన్నాయి. రెండింటి మెడకూ ఆమె పాత తలగుడ్డ పీలికలే. మెడకు గుడ్డ ఉంటే పెంపుడుదని మునిసిపాలిటీవాళ్లు వదిలేసేవారు. అందుకని ఆమె కనబడ్డ కుక్కకల్లా పీలిక కట్టింది. వీధిలో ఒక్క ఊరకుక్కా లేకపోతే ఆఫీసుకు అనుమానం రాదా? వచ్చింది. ఇన్నేళ్ల తర్వాత ఇవాళ ఆ వీధి చివర కుక్కల శరణాలయం ఉంది, రేకు బోర్డు ఉంది, వచ్చిన అతిథులు దాని ముందు ఫొటోలు దిగుతారు. అది మొదలైంది ఈ పీలికలతోనే. అప్పుడు ఫొటో తీసేవాడెవడూ లేడు.

మునిసిపాలిటీ తరఫున తుపాకీ పట్టుకున్నవాడు ఆమె మరిది. ఇంట్లో బొగ్గు, పిండి, అత్తగారి మందులు ఆ తుపాకీ జీతంతోనే వస్తాయి. చనిపోయిన మొగుడు మిగిల్చిందేమీ లేదు, ఆమె వంట జీతం పదిరోజులకు చాలదు. మిగిలిన పద్నాలుగు కుక్కలూ బకెట్ వాసనకు వచ్చి ఆమె ఇంటి గేటు ముందు మూగాయి. చేజేతులా ఆమే వాటిని తుపాకీ ముందుకు తెచ్చినట్టయింది.

"చిన్నబాబూ, ఆగు," అంది.

"పక్కకు జరుగు వదినా," అన్నాడతను గొంతు తగ్గించి. "బండిలోంచి కొత్త అధికారి చూస్తున్నాడు. నేనెవరో తెలీనట్టుండు."

బండిలోంచి అధికారి దిగాడు. వారం కిందట ఊరికి బదిలీ మీద వచ్చినవాడు.

"ఏమ్మా, ఈ గుడ్డలు కట్టేది నువ్వేనా? కుక్కలన్నిటికీ పెళ్లిళ్లు చేస్తున్నావా ఏంటి?"

"నావేనయ్యా. పద్నాలుగూ నావే."

"గుడ్డలు చెల్లవమ్మా. ఇంటి యజమాని పేరు మీద రాయిస్తేనే పెంపుడువి. ఇల్లెవరిది?"

ఇల్లు మరిదిది. మా జనంలో తండ్రి ఇల్లు చిన్నకొడుక్కే దక్కుతుంది. కాల్చేవాడే కుక్కల్ని పెంచుతున్నాడని తెలిస్తే రేపీ ఉద్యోగం ఉండదు. పైగా మా కోడళ్లు అత్తింటివాళ్ల పేర్లు నోటితో పలకరు. ఈ పందొమ్మిదేళ్లలో బురుల్‌కాన్ నోట ఒక్కసారి కూడా అతని పేరు రాలేదు. కిటికీలోంచి అత్తగారు చూస్తోంది.

"చెప్పమ్మా, వేళ్లు కొంకర్లు పోతున్నాయి. చెప్పలేవా? అయితే ఇవి ఊరకుక్కలే. కానియ్యవోయ్!"

మరిది తుపాకీ ఎత్తాడు. ఆమె పెళ్లై వచ్చేనాటికి వాడు పదకొండేళ్లవాడు, ఆమె కాల్చిన రొట్టె తిని పెరిగాడు. వాడి నోటి దగ్గర కూడు తీయాలంటే ఆమెకు ఏడుపొచ్చింది. కుంటి కుక్క ఒకటి ఆమె కాళ్ల మధ్య దూరి ముడుచుకుంది.

"మెదెర్," అంది వీధంతా వినేలా. "రాసుకోండి. ఇంటి యజమాని పేరు మెదెర్."

కిటికీ పరదా విసురుగా మూసుకుంది. అధికారి కలం ఆపి, తుపాకీ పట్టుకున్నవాడి వైపు నెమ్మదిగా తల తిప్పాడు.

"ఏరా మెదెర్, ఇది నీ ఇల్లా? ఈ కుక్కలు నీవా? కావని చెప్పు. చెప్పి కాల్చు."

మెదెర్ మీట మీంచి వేలు తీశాడు. తుపాకీ మాత్రం దించలేదు.