రెండుసార్లు చెప్పిన చావు

నేను ఒక మైకు గొట్టాన్ని. బొంబాయి కార్ఖానాలో రేకు వంచి నన్ను చేశారు. నోరు పెద్దది, లోపల ఏమీ లేదు. ఎవరు ఏది మాట్లాడితే అదే నా మాట.

నన్ను కొన్నవాడు ఖాజామియా. తాలూకా ఊళ్ళో పెళ్ళిళ్ళకూ జాతరలకూ మైకు కట్టేవాడు. తప్పిపోయిన పిల్లల పేర్లు ఆయనే పిలిచేవాడు. ఆయన గొంతు వింటే చుట్టుపక్కల పల్లెలు నమ్మేవి. ఆ నమ్మకం కోసమే మిలటరీ జీపు మా గుమ్మం ముందు ఆగింది.

కొండల్లో తుపాకులు పట్టిన రైతులకూ సర్కారుకూ యుద్ధం నడుస్తున్న కాలం అది. కొండ కింది ఊళ్ళో క్యాంపు పెట్టారు. నన్ను పొడుగాటి వాసానికి కట్టి కొండవైపు తిప్పారు. కెప్టెన్ పెద్ద చదువులు చదివినవాడు. తూటా ఒక్కణ్ణే చంపుతుంది, మాటయితే గుంపునంతా చంపుతుంది అనేవాడు. కొండమీది దళానికి నాయకుడు బీరన్న, గొర్రెలు కాసుకునే కురుమ. అతను చచ్చాడని వింటే మిగిలినవాళ్ళు గుండె జారి దిగొస్తారని కెప్టెన్ లెక్క వేశాడు. ఖాజామియా చేతిలో కాగితం పెట్టారు. పక్కన ఒక తుపాకీని నిలబెట్టారు.

"బీరన్న సచ్చిపోయిండు. ఇగ మీరు గూడ దిగిరాండ్రి."

పొద్దుగూకేదాకా అదే అరిచాను. కొండమీద బీరన్న పక్కన కూర్చుని విన్నవాళ్ళు కడుపుబ్బ నవ్వుకున్నారట. కానీ నాకూ కొండకూ మధ్యన ఊరుంది. ఊళ్ళో బీరన్న పెళ్ళాం కొమురవ్వ ఉంది. అంత చదివినాయనకు అది తట్టలేదు.

కొమురవ్వ నమ్మింది. చెప్పింది ఖాజామియా కదా. శవం ఇమ్మని క్యాంపుకు వచ్చి ఏడ్చింది. ఉంటే కదా ఇవ్వడానికి. పదో రోజున వాగు దగ్గర గాజులు పగలగొట్టాలని పెద్దలు నిర్ణయించారు.

ఈ కబురు గొర్రెల కాపరుల నోట కొండెక్కింది. దిగొద్దని తోటివాళ్ళు బీరన్నను పట్టుకున్నారట. ఒకసారి పగిలిన గాజులు మళ్ళీ వేయించే ఆచారం ఆ ఊళ్ళో లేదు. మొగుడు నడిచొచ్చి ఎదురుగా నిలబడ్డా సరే, ఆమె ముండమోసినట్టే. అతను ఆగలేదు.

నేనున్న వాసం మీది నుంచి వాగు కనబడేది. కొమురవ్వకు తలనిండా పూలు పెట్టారు, చేతినిండా గాజులు వేశారు. బీరన్న మేనత్త అగ్గవ్వ రాయి తీసుకుంది. అప్పుడు గొంగడి కప్పుకున్న మనిషి పొదల్లోంచి వచ్చాడు.

"ఆపవె అత్తా. నేను బతికే ఉన్న."

ఆడవాళ్ళు చెదిరి పరుగెత్తారు. ముసలామె కదల్లేదు. దినాలు పెట్టిన రోజు ఎదురొచ్చినవాణ్ణి ఎట్లా నమ్మడం?

"బతికున్నోనివైతే కాళ్ళు సూపియ్యి. దయ్యానికి మడిమెలు ముంగటికుంటయి."

కాళ్ళు మోకాళ్ళదాకా బురద. ఆమె అతన్ని బండమీద కూర్చోబెట్టింది. వాగు నీళ్ళు దోసిలితో పోసి, తీరిగ్గా కడిగి, ఒక్కొక్క పాదం ఎత్తి చూసింది.

"మడిమెలైతే ఎన్కనే ఉన్నయి. గింత బక్కగైనవేందిరా?"

"కొండల నీ సేతి ముద్ద దొరుకుతదా అత్తా?"

పూలన్నీ ఊగేట్టు నవ్వింది కొమురవ్వ. అప్పటికే క్యాంపు నుంచి బూట్లు కదిలాయి. బీరన్న వాగు దాటి చెట్లలోకి దూకాడు. ఆ చెట్ల వెనుక తుపాకులు పేలాయి. ఊరివాళ్ళెవరూ ఏమీ చూడలేదు. ముఖం గుర్తుపట్టమని ఖాజామియాను తీసుకుపోయారు. ఆయన అతనేనని తల ఊపి వచ్చాడు. శవాన్ని అడవిలోనే కాల్చేశారు. తన ఉపాయం పారిందని కెప్టెన్ పైవాళ్ళకు రాసుకున్నాడు.

మళ్ళీ అవే మాటలు నాచేత అరిపించారు. ఈసారి నిజం. ఎవరూ నమ్మలేదు, ఊళ్ళో ఒక్క పొయ్యి ఆరలేదు. ఉండబట్టలేక ఖాజామియా కొమురవ్వ ఇంటికి నడిచి వెళ్ళాడు. వచ్చి నా కిందే కూలబడి, ఆమె అన్న మాట తనలో తను చెప్పుకున్నాడు.

"మొన్న గూడ గిట్లనే అంటివి గద ఖాజన్నా. నా మొగడు నా ముంగటికే వచ్చె. ఇగ నువ్వు జెప్తే నేను నమ్మ."

చూపించడానికి బూడిద కూడా లేదు. యుద్ధం అయిపోయింది, క్యాంపు ఎత్తేశారు. కొండ దిగినవాళ్ళు బీరన్న మళ్ళీ తమ దగ్గరికి రాలేదని చెప్పారు. వేరే కొండకు పోయుంటాడంది కొమురవ్వ. ప్రతి జాతరకూ కొత్త గాజులు కొనుక్కునేది. నన్ను చూస్తే మాత్రం ఉమ్మేసేది.

ఇప్పుడు పాత ఇనుము కొట్లో తలకిందులుగా పడి ఉన్నాను. తూకానికి అమ్మే ముందు నన్ను చివరగా కట్టింది కొమురవ్వ చావు భజనకే. శవానికి స్నానం చేయించిన ఆడవాళ్ళు కుంకుమ భరిణె పట్టుకుని ఆగిపోయారు. పెట్టవచ్చో లేదో వాళ్ళకు తెలియలేదు. గోడవారగా కూర్చున్న ఖాజామియాను అడిగారు.

"పెట్టుండ్రి తల్లీ. బీరన్న యాడనో ఉండే ఉంటడు."

నా అవసరం లేకుండానే, మెల్లగా అన్నాడు. వాళ్ళు కుంకుమ పెట్టారు.