పదేళ్ళ సగటు

మొదట అతని చేతిలో ఉన్నవి ఇవి. ఒక అద్దె గోడౌను. మనిషిని నిలబెట్టి తూచగల ఇనుప కాటా. మూతపడ్డ షాపుల నుంచి కొనుక్కొచ్చిన బీరువాలు, ఫ్యాన్లు, గాజు అరలు, గడ్డకట్టడానికి సిద్ధంగా ఉన్న రంగు డబ్బాలు. భార్యకు పుట్టింటి నుంచి వచ్చిన అయిదు వేల షేర్లు. ఇవి కాక ఒక బావమరిది. అతన్ని ఆస్తుల వైపు రాయాలో అప్పుల వైపు రాయాలో పెళ్ళయిన ఇన్నేళ్ళకు కూడా తేలలేదు.

అతని వ్యాపారం ఇతరుల వ్యాపారాలు కొనడం. ఎక్కడ షట్టరు శాశ్వతంగా దిగబోతోందని తెలిసినా అక్కడికి వెళ్ళేవాడు. ఒక్కోసారి సరుకు కొనేవాడు, ఒక్కోసారి నడుస్తున్న షాపునే కొని ఇంకొకరికి అమ్మేవాడు. అమ్మేవాళ్ళందరిదీ ఒకటే పద్ధతి. నిరుటి లెక్క తీసి ముందు పెడతారు, ఎందుకంటే నిరుడు బాగుంటేనే మనిషికి అమ్మడానికి ధైర్యం వస్తుంది. అతను దాన్ని పక్కకు నెట్టి పదేళ్ళవి తెమ్మనేవాడు. పాత లాభాలను ఇవాళ్టి ధరలకు పెంచి, పండిన ఏడాదీ ఎండిన ఏడాదీ కలిపి కూడి, పదితో భాగించేవాడు. ఆ వచ్చినదానికి ఎన్ని రెట్లు ఇవ్వొచ్చో చూసి ధర చెప్పేవాడు. చాలామంది తిట్టి లేచిపోయేవాళ్ళు. కొందరు తిట్టి తిరిగొచ్చేవాళ్ళు.

అందుకే బావమరిది అతనికి ‘పదేళ్ళు’ అని పేరు పెట్టాడు. గుమ్మంలో చెప్పులు విడుస్తూనే, “అక్కా, పదేళ్ళు ఇంట్లో ఉన్నాడా?” అని అడిగేవాడు. నాలుగు రోజుల్లో ఆ పేరు వీధికి పాకింది, నాలుగు నెలల్లో బజారుకు పాకింది.

షేర్ల సంగతి ఇది. మామగారు పోతూ పోతూ ఒక ఇనుప పైపుల కంపెనీలో పది వేల షేర్లు కూతురికీ కొడుక్కీ కలిపి, ఉమ్మడి పేర్ల మీద వదిలివెళ్ళాడు. ఒకరు అమ్మాలంటే ఇంకొకరి సంతకం కావాలి. అలా కట్టేస్తే పిల్లలు కలిసి ఉంటారని ఆయన ఆశ. కలిసే ఉన్నారు, ఒకే తాడుకు కట్టిన రెండు ఎడ్లలాగా, చెరో దిక్కుకు లాగుతూ. ఆమె పేరు మీద ఉన్నది ఆ సగం ఒక్కటే. ఇల్లు భర్తది, గోడౌను ఎవరిదో. ఆ అయిదు వేల షేర్లూ పోతే ఈ లోకంలో ఆమెది అని చెప్పుకోవడానికి ఇంకేమీ ఉండదు. ఆ మాట ఆమె ఎప్పుడూ అనలేదు. భర్తకు తెలుసు.

ఆ ఏడు షేరు ధర రెండు వందల నలభైకి చేరింది. బావమరిదికి నాలుగు లారీలున్నాయి, నాలుగూ ఆ కంపెనీ పైపులే మోస్తాయి. భోజనాల దగ్గర కూర్చుని అతను కంపెనీ గేటు గురించి ప్రేమలో పడ్డవాడిలా చెప్పాడు. లోడు కోసం లారీలు రోజుల తరబడి వరసలో ఉంటున్నాయట. డ్రైవర్లు గేటు ముందే స్టవ్వులు వెలిగించుకుని వండుకుంటున్నారట. నిరుడు షేరుకు ముప్ఫై లాభం. అంటే ఎనిమిది రెట్లకే దొరుకుతోంది, ఇంత చవక ఎక్కడైనా ఉందా అని.

పదేళ్ళాయన కంచంలోంచి తలెత్తకుండా అది ఎనిమిది కాదని, ఇరవై అయిదని అన్నాడు.

అప్పటికే అతను లెక్క వేసి ఉంచాడు. ఆ పదేళ్ళలో కంపెనీ రెండేళ్ళు నష్టపోయింది, అయిదేళ్ళు ఏదో బతికింది, పైపులకు గిరాకీ వచ్చింది చివరి మూడేళ్ళే. ఉన్నదున్నట్టు కూడి భాగిస్తే సగటు ఎనిమిది వచ్చింది. కానీ పదేళ్ళ కిందటి పది ఇవాళ్టి పద్దెనిమిదితో సమానం. ఆ రోజుల్లో పది పెట్టి కొన్న రంగు డబ్బా ఇప్పుడు పద్దెనిమిదికి గానీ రాదు. అందుకని ప్రతి ఏటి లాభాన్నీ, నష్టాన్నీ కూడా, ఇవాళ్టి ధరలకు పెంచాడు. సగటు తొమ్మిదిన్నర అయింది. శత్రువు సరుకైనా కాటాలో దొంగతనం చేయడం అతనికి చేతకాదు. రెండు వందల నలభైని తొమ్మిదిన్నరతో భాగిస్తే ఇరవై అయిదు. ఇదే కంపెనీని ఇదే కొలతతో వెనక్కి కొలిస్తే ఎప్పుడూ ఎనిమిదికీ పధ్నాలుగుకీ మధ్యే ఆడింది.

“బావా, నువ్వు చచ్చిన షాపులు కొనేవాడివి. బతికున్న కంపెనీ వాసన నీకేం తెలుస్తుంది?” అన్నాడు బావమరిది.

“నీకు గేటు తెలుసు. గేటుకు నిన్న గుర్తుండదు” అన్నాడు అతను.

మాట పెరిగింది. అమ్మేద్దాం, సంతకం పెట్టమని ఇతను. నాన్న ఆస్తిని పాత ఇనుప సామానుకు అమ్మినట్టు అమ్మనివ్వనని అతను. చివరికి అక్క కలగజేసుకుంది. మామగారికి ఒక అలవాటు ఉండేది. భాగస్తులతో విడిపోవలసి వచ్చినప్పుడల్లా, ఒకరు ధర చెప్పాలి, ఆ ధరకు కొంటారో అమ్ముతారో రెండోవారు తేల్చాలి అనేవాడు. ధర చెప్పేవాడు మోసం చేస్తే తానే మునుగుతాడు. ఆయన జీవితంలో ఒక్క పంపకమూ కోర్టుకు పోలేదు. ఇదీ అలాగే తేలాలంది ఆమె. ధర తమ్ముడు చెబుతాడు.

బావమరిది నవ్వాడు. బజారులో రెండు వందల నలభై ఉంటే తాను రెండు వందల అరవై అన్నాడు. అతని ఎత్తు ఏమిటో బల్ల దగ్గర ఉన్న అందరికీ తెలుసు. అంత ధరకు కొనే డబ్బు బావ దగ్గర లేదు. తండ్రి గుర్తును అమ్మడానికి అక్క ఒప్పుకోదు. ఇద్దరూ తల దించుకుంటారు, ఈ గొడవ ఇక లేవదు.

ఆమె భర్తను వంటింట్లోకి పిలిచింది. మీ లెక్క తప్పయితే ఏమవుతుందని అడిగింది. తప్పయితే నీ సొమ్ము పోతుందన్నాడు. ఒప్పయితే ఎప్పటికి తెలుస్తుందని అడిగింది. అతను నిజమే చెప్పాడు. తెలియదు. ఈ కొలత సరుకు ప్రియమో చవకో చెబుతుంది గానీ, ఎప్పుడు పడుతుందో చెప్పదు.

ఆమె చేతులు తుడుచుకుని బయటికి వచ్చి, “అమ్ముతున్నాను. సంతకం ఎక్కడ పెట్టాలి?” అంది.

బావమరిది ముఖంలో రంగు మారడం చూసి పదేళ్ళాయనకు కడుపు నిండింది. ఆ పూట మళ్ళీ వడ్డించుకోలేదు.

ధర చెప్పాక వెనక్కి తగ్గితే పరువు పోతుంది. బావమరిది నాలుగు లారీలూ బ్యాంకులో తాకట్టు పెట్టి పదమూడు లక్షలు తెచ్చి ఇచ్చాడు. ఆ సొమ్ము చూడగానే పదేళ్ళాయనకు గోడౌను కొనాలని చెయ్యి లాగింది. రెండుసార్లు ఆ మాట ఎత్తాడు. రెండుసార్లూ ఆమె విననట్టు ఊరుకుని, తన పేరు మీద బ్యాంకులో డిపాజిట్ వేసింది.

తరువాతి ఆదివారం పొద్దున ఫోను మోగింది. బావమరిది గొంతు, “రెండు వందల డెబ్భై అయిదు” అని పెట్టేసింది.

ఆ తరువాత అది రివాజయింది. పలకరింపు లేదు, యోగక్షేమాలు లేవు. మూడు వందలు. మూడు వందల ఇరవై. పదేళ్ళాయన పళ్ళు తోముకుంటుండగానో, పేపరు తిప్పుతుండగానో అంకె వచ్చి చెంప మీద పడేది. ఫోను ఎత్తకపోతే ఇంకా అవమానం కాబట్టి ఎత్తేవాడు. బజారులో కూడా తెలిసిపోయింది. ఒక షాపువాడు నిరుటి లెక్క చూపిస్తే ఇతను పదేళ్ళవి అడిగాడు. “నీ పదేళ్ళు మీ ఆవిడకే కలిసి రాలేదట, నాకెందుకయ్యా” అని వాడు అంటే పక్కనున్నవాళ్ళు నవ్వారు.

ఇంట్లో ఆమె ఏమీ అనలేదు. అంటే బాగుండేది. మూడు వందల తొంభై అన్న ఆదివారం నాడు మాత్రం, కంచం ముందు పెడుతూ, “నాది ఆరున్నర లక్షలు పోయినట్టేనా?” అని అడిగింది, ధర అడిగినంత మామూలుగా. ఏడాదిన్నర గడిచింది అప్పటికి. అతను లెక్క మళ్ళీ వేశాడు. తప్పు దొరికితే ఒప్పేసుకుని ఊపిరి పీల్చుకోవచ్చని కూడా ఆశపడ్డాడు. దొరకలేదు. సరుకు ముప్ఫై రెట్లు దాటి ఉంది, తన మాట కుక్క కూడా వినేలా లేదు.

అప్పుడు పైపులకు గిరాకీ తగ్గింది. గిరాకీని చూసి ముగ్గురు కొత్తవాళ్ళు పైపుల ఫ్యాక్టరీలు పెట్టారు, మూడూ ఒకేసారి సరుకు దించాయి. గేటు ముందు లారీల వరస పొట్టిదయింది, తరువాత లేకుండా పోయింది. ఒక ఆదివారం ఫోను రాలేదు. ఆ తరువాతి ఆదివారమూ రాలేదు. పదేళ్ళాయన కొన్ని వారాలు ఓపిక పట్టాడు. ఆఖరికి తానే చేశాడు.

“నూట పది” అన్నాడు.

వెనక నుంచి ఆమె వచ్చి ఫోను లాక్కుని పెట్టేసింది. ఆ రోజంతా అతనితో మాట్లాడలేదు.

మూడో ఏడు తిరిగేసరికి కంపెనీ నష్టం చూపించింది, షేరు అరవై ఆరుకు దిగింది. లోడ్లు లేని లారీలకు వాయిదాలు ఎక్కడినుంచి వస్తాయి? బ్యాంకువాళ్ళు రెండు లారీలు పట్టుకుపోయారు. మిగతా రెండింటికీ నోటీసు ఇచ్చారు. తొమ్మిది లక్షలకు కాస్త తక్కువ కట్టాలి. ఉన్నవి ఆ పది వేల షేర్లే. అమ్మితే ఆరు లక్షల అరవై వేలు వస్తాయి. లారీలు నిలవవు, షేర్లూ ఉండవు.

సంగతి తెలిసి పదేళ్ళాయన గోడౌనులో కాటాకు నూనె రాస్తూ కూర్చున్నాడు. బావమరిది రాక తప్పదు. వచ్చాక ఏమనాలో మూడేళ్ళుగా తయారు చేసుకుని ఉన్నాడు. ముందు పదేళ్ళ లారీ బాడుగలు తెమ్మనాలి.

బావమరిది రాలేదు. అక్కే వెళ్ళి పిలుచుకొచ్చింది. పాత బల్ల దగ్గర, పాత కుర్చీలోనే కూర్చోబెట్టింది. అతను చిక్కిపోయాడు గానీ పొగరు తగ్గలేదు.

“బావ మొహం చూడ్డానికా పిలిచావు? నష్టాల కంపెనీ షేరు, బజారులో పడేసి పోతాను” అన్నాడు.

“పడేద్దువు గాని. ఈసారి ధర నేను చెబుతాను. కొంటావో అమ్ముతావో నువ్వు చెప్పు.”

“కొనడానికి నా దగ్గర ఏముంది?”

“అయితే అమ్ముతావు. ఎనభై ఎనిమిది.”

పదేళ్ళాయన చేతిలోని గ్లాసు బల్ల మీదికి వచ్చింది. బజారు ధర అరవై ఆరు. పైగా వచ్చే వారం యాభైకి కూడా రావచ్చు. పక్కకు పిలిచి చెప్పే ఓపిక కూడా లేక అక్కడే అన్నాడు. “షేరుకు ఇరవై రెండు ఎక్కువ. నీకు మతి పోయిందా?”

ఆమె భర్త వైపు తిరిగింది. “నిరుడు నష్టం వచ్చిందని వీడంటున్నాడు. ముప్ఫై లాభం వచ్చిందని మురిసిన నోటితోనే. మీరైనా పదేళ్ళు చూశారా, లేక వీడి మొహం చూసి ధర కడుతున్నారా?”

అతను చూశాడు. చూసి చాలా రోజులయింది, ఎవరికీ చెప్పలేదంతే. పాత నష్టాల్లో ఒకటి ఇప్పుడు పదేళ్ళ వెనక్కి జారిపోయింది, మంచి ఏళ్ళన్నీ లోపలే ఉన్నాయి. ఇవాళ్టి ధరల్లో సగటు పదకొండు. అరవై ఆరంటే ఆరు రెట్లు. అంత చవకగా ఈ కంపెనీ ఎన్నడూ లేదు.

“పదకొండు” అన్నాడు, పన్ను పీకించుకున్నట్టు.

“ఎనిమిది రెట్లు పెట్టాను. మీ లెక్కలో ఎనిమిది చవకే కదా. ఆరుకు కొంటే ఇంకా చవక, నాకూ తెలుసు. కానీ ఆరుకైతే వీడి లారీలు పోతాయి.”

బావమరిది కాగితం తన వైపు లాక్కున్నాడు. సంతకం పెట్టాడు. గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ మాత్రం ఆగి, “అక్కా, నీ మొగుడి లెక్క ఒప్పనుకోకు. గేటు తెరుచుకునేదాకా ఉండు” అని వెళ్ళిపోయాడు. బావ వైపు చూడలేదు. థాంక్సన్న మాట ఆ ఇంటి గాలికి తగల్లేదు.

తరువాతి ఆదివారం పొద్దున ఫోను మోగింది. “అరవై ఒకటి” అని పెట్టేసింది అవతలి గొంతు.

పదేళ్ళాయన ఆ అంకె భార్యకు చెప్పాడు. ఆమె బట్టలు ఆరేస్తోంది. పదేళ్ళ సగటు మారిందా అని అడిగింది. మారలేదన్నాడు. “మరి నాకెందుకు చెబుతున్నారు?” అంది.

ఆ సాయంత్రం అతను గోడౌనులో కాటా మీద కూర్చుని మొత్తం తేల్చుకున్నాడు. భార్య పేరు మీద ఇదివరకు అయిదు వేల షేర్లు, ఇప్పుడు పది వేలు, పైగా వడ్డీతో కలిపి బ్యాంకులో ఏడు లక్షల పై చిల్లర. బావమరిదికి రెండు లారీలు, తగ్గని పొగరు. తనకు అదే అద్దె గోడౌను, అదే కాటా, అదే ముద్దుపేరు, ఆదివారం ఆదివారం ఒక ఫోను. పోయినది షేరుకు ఇరవై రెండు చొప్పున రెండు లక్షల ఇరవై వేలు. అది ఏ పద్దు కింద రాయాలో కాసేపు ఆలోచించాడు. మామూలుగా అయితే పదేళ్ళకు సర్ది సగటు తీసేవాడు. తీశాడు. ఏడాదికి ఇరవై రెండు వేలు పడింది. ఒక బావమరిదికి అది ఎక్కువే.